తల్లీబిడ్డల రక్తసంబంధం – ఆర్.హెచ్. కారకం

రక్తపరీక్ష చేయించుకున్న ప్రతి వ్యక్తి చేతికి ఒక చిన్న చీటీ వస్తుంది. అందులో ఏ, బి, ఏబి, ఓ అనే వర్గాలలో ఒకటి, దాని ప్రక్కనే పాజిటివ్ లేదా నెగెటివ్ అనే మాట వ్రాసి ఉంటాయి. అక్షరాన్ని అందరూ గుర్తు పెట్టుకుంటారు; ప్రక్కనున్న మాటను చాలామంది అంతగా పట్టించుకోరు. తెలుగువారిలో అత్యధికులు పాజిటివ్ వర్గానికి చెందినవారే కనుక ఆ అశ్రద్ధ వలన వారికి కలిగే నష్టం స్వల్పం. కాని చీటీలో నెగెటివ్ అని ఉన్న స్త్రీ విషయంలో ఆ ఒక్క మాట ఆమెకు పుట్టబోయే బిడ్డల ప్రాణాలకు సంబంధించినది.

1960వ దశకం చివరి వరకు, మొదటి బిడ్డ ఆరోగ్యంగా పుట్టి, రెండవ బిడ్డ తీవ్రమైన కామెర్లతో కన్నుమూసి, మూడవ బిడ్డ గర్భంలోనే మరణించిన కుటుంబాలు ఎన్నో దేశాలలో ఉండేవి. కారణం తెలియని రోజులలో నింద తల్లి మీద పడేది. కొందరు గ్రహదోషమన్నారు, కొందరు ఆమె గర్భంలో బిడ్డలు నిలవరన్నారు. వాస్తవానికి అందులో ఎవరి దోషమూ లేదు. తండ్రి నుండి బిడ్డకు సంక్రమించిన ఒక మాంసకృత్తును తల్లి శరీరం పరాయిదిగా భావించి ఎదుర్కొనడమే ఆ విషాదానికి మూలం. నేడు ఈ వ్యాధిని దాదాపు పూర్తిగా నివారించవచ్చు. సకాలంలో ఇచ్చే సూదిమందు చాలు. అయితే అది సకాలంలో పడాలంటే తల్లి రక్తవర్గమూ, ఆమె పూర్వపు కాన్పుల వివరాలూ వైద్యునికి తెలిసి ఉండాలి. ఒక కాన్పు ఒక దేశంలో, మరొక కాన్పు మరొక దేశంలో జరిగే ప్రవాస కుటుంబాలలో ఆ వివరాలు జారిపోవడానికి అవకాశం ఎక్కువ.

పేరు వెనుక కథ

రక్తంలో వర్గాలున్నాయని వియన్నా నగరంలో కార్ల్ లాండ్‌స్టీనర్ గ్రహించినది 1900 ప్రాంతంలో. ఏ, బి, ఓ వర్గాలను కనుగొన్నందుకు ఆయనకు 1930లో నోబెల్ బహుమతి లభించింది. వర్గాలు చూసి రక్తం ఎక్కించడం మొదలైన తరువాత ప్రమాదాలు బాగా తగ్గాయి. కాని పూర్తిగా తొలగలేదు. వర్గం సరిపోయినా కొందరికి చలిజ్వరం వచ్చి ప్రాణం మీదికి వచ్చేది.

1939లో న్యూయార్క్‌లో ఫిలిప్ లెవీన్, రూఫస్ స్టెట్సన్ అనే ఇద్దరు వైద్యశాస్త్రజ్ఞులు ఒక స్త్రీ ఉదంతాన్ని ప్రకటించారు. ఆమెకు మృతశిశువు జన్మించింది. రక్తస్రావం వలన రక్తం అవసరమై, వర్గం సరిపోయిన భర్త రక్తాన్ని ఎక్కించగా తీవ్రమైన వికటన కలిగింది. ఆమె రక్తరసి భర్త రక్తకణాలను గుత్తులు కట్టించింది. వర్గం సరిపోయిన మరి 104 మంది రక్తంతో పరీక్షించగా 80 మంది కణాలను అదే విధంగా గుత్తులు కట్టించింది. తండ్రి నుండి బిడ్డకు వచ్చిన ఏదో పదార్థం బిడ్డ ద్వారా తల్లి రక్తంలో ప్రవేశించి ఉండాలనీ, దానికి వ్యతిరేకంగా ఆమె శరీరం ఆయుధాలు సిద్ధం చేసుకున్నదనీ వారు ఊహించారు. ఆ ఊహ సరైనదే. అయితే ఆ పదార్థానికి వారు పేరు పెట్టలేదు.

మరుసటి సంవత్సరం, అంటే 1940లో, లాండ్‌స్టీనర్, అలెగ్జాండర్ వీనర్ కలిసి రీసస్ జాతి కోతి రక్తకణాలను కుందేళ్లకు ఎక్కించి, వాటి రక్తరసితో మనుష్యుల రక్తాన్ని పరీక్షించారు. న్యూయార్క్‌లోని శ్వేతజాతీయులలో నూటికి 85 మంది రక్తం గుత్తులు కట్టింది. రీసస్ అన్న పేరులోని మొదటి రెండు ఇంగ్లీషు అక్షరాల నుండే ఆర్.హెచ్. అన్న పేరు వచ్చింది. కుందేళ్లు గుర్తించినది వాస్తవానికి వేరొక పదార్థమని ఆ తరువాత తేలింది. దానికి ఆ ఇద్దరు శాస్త్రజ్ఞుల పేర్లతో ఎల్.డబ్ల్యు. అని పేరు పెట్టారు. మనుష్యులలోని అసలు కారకానికి మాత్రం కోతి పేరే నిలిచిపోయింది. 1941లో లెవీన్ బృందం, నవజాత శిశువుల రక్తక్షయ వ్యాధికి ఈ కారకమే మూలమని నిరూపించింది.

జన్యువుల లెక్క

ఆర్.హెచ్. వర్గంలో నేటికి యాభైకి పైగా ప్రతిజనకాలను గుర్తించారు. ప్రతిజనకమంటే శరీర రక్షణవ్యవస్థ గుర్తుపట్టగలిగే ముద్ర వంటిది. వీటిలో వైద్యరీత్యా ముఖ్యమైనవి డి, పెద్ద సి, చిన్న సి, పెద్ద ఇ, చిన్న ఇ అనే ఐదు. డి ఉన్నవారు పాజిటివ్, లేనివారు నెగెటివ్.

ఈ ముద్రలు ఎలా వారసత్వంగా వస్తాయన్న విషయంపై చాలాకాలం వాదం నడిచింది. రోనాల్డ్ ఫిషర్, రాబర్ట్ రేస్ మూడు జన్యువులు ప్రక్కప్రక్కన ఉన్నాయన్నారు. వీనర్ ఒకే జన్యువు అన్నారు. 1990వ దశకం ఆరంభంలో జన్యువులను నేరుగా చదవగలిగిన తరువాత ఉన్నవి రెండని తేలింది. అవి ఒకటవ క్రోమోసోము పొట్టి భుజంపై ప్రక్కప్రక్కనే ఉన్నాయి. ఒకటి డి ముద్రను, రెండవది సి, ఇ ముద్రలను కలిగించే మాంసకృత్తును తయారుచేస్తుంది. ఈ మాంసకృత్తు 417 అమైనో ఆమ్లాల గొలుసు. ఎర్ర రక్తకణం పొరలో పన్నెండుసార్లు అటునిటు దారం కుట్టినట్లు ఇమిడి ఉంటుంది.

ఐరోపా సంతతివారిలోనూ, భారతీయులలోనూ నెగెటివ్ వ్యక్తులలో అత్యధికులకు డి జన్యువు మొత్తమే లోపించి ఉంటుంది. ఆఫ్రికా సంతతివారిలో చాలామందికి జన్యువు ఉన్నప్పటికీ అది పనిచేయని స్థితిలో ఉంటుంది. ఈ వ్యాధి తీవ్రతకు గల కారణం ఇక్కడే ఉన్నది. ఏ, బి ముద్రల మధ్య భేదం ఒక చక్కెర అణువుకు సంబంధించినది మాత్రమే. నెగెటివ్ వ్యక్తి శరీరం డి మాంసకృత్తును ఎన్నడూ చూసి ఎరుగదు. కనుక దానిని పూర్తిగా పరాయిదిగా భావిస్తుంది.

ప్రతి వ్యక్తికి తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి చొప్పున రెండు ప్రతులు వస్తాయి. రెండింటిలో ఒక్కదానిలో డి ఉన్నా ఆ వ్యక్తి పాజిటివే. రెండింటిలోనూ లేకపోతేనే నెగెటివ్. అందుచేత పాజిటివ్ దంపతులకు నెగెటివ్ బిడ్డ పుట్టడం అసహజం కాదు. ఇద్దరిలోనూ డి లేని ప్రతి ఒక్కొక్కటి దాగి ఉంటే నలుగురు బిడ్డలలో ఒకరు నెగెటివ్ కావడానికి అవకాశం ఉంటుంది. ఈ సంగతి తెలియక అపోహలకు లోనైన కుటుంబాలున్నాయి.

భారతీయులలో నెగెటివ్ వ్యక్తులు ఇంచుమించు నూటికి ఐదుగురు. ఈ సంఖ్య నుండి జనాభా జన్యుశాస్త్ర సూత్రం ప్రకారం లెక్కవేస్తే, నూరుగురిలో సుమారు 60 మందికి డి రెండు ప్రతులు, 35 మందికి ఒక్క ప్రతి ఉంటాయి. అంటే కంటికి కనిపించే నెగెటివ్ వ్యక్తులు ఐదుగురే అయినా, ఆ లక్షణాన్ని మోస్తున్నవారు వారికి ఏడు రెట్లు. ఐరోపా సంతతివారిలో నెగెటివ్ వ్యక్తులు నూటికి 15 మంది. స్పెయిన్, ఫ్రాన్స్ సరిహద్దులలోని బాస్క్ జాతిలో ఇంకా ఎక్కువ. చైనీయులు, జపానీయులు, మలయా జాతీయులలో నూటికి ఒక్కరు కూడా ఉండరు.

ఈ అంకెలలో మనవారు గమనించవలసిన విశేషం ఒకటున్నది. నెగెటివ్ స్త్రీలు మనలో తక్కువే. కాని అటువంటి స్త్రీ తెలుగువాడినే వివాహమాడినప్పుడు, ఆ భర్త పాజిటివ్ కావడానికి గల అవకాశం నూటికి 95 వంతులు. అందువలన, భర్త రక్తవర్గం సరిపోయే ఉంటుందన్న ఊహపై ఆధారపడడం ఆమెకు క్షేమం కాదు.

మొదటి బిడ్డ ఎందుకు క్షేమం?

తల్లి రక్తం, బిడ్డ రక్తం గర్భంలో సాధారణంగా కలవవు. మాయలోని పలుచని పొరలు రెండింటినీ వేరుచేస్తాయి. ఆహారం, ప్రాణవాయువు ఆ పొరలగుండా ప్రసరిస్తాయి. కణాలు ఎక్కువగా దాటవు. కాని ప్రసవ సమయంలో మాయ విడిపోయినప్పుడు బిడ్డ రక్తం కొంత తల్లి రక్తంలోకి చేరుతుంది. తల్లి నెగెటివ్, బిడ్డ పాజిటివ్ అయితే తల్లి శరీరం డి ముద్రను చూసి, కొన్ని వారాలలో దానికి ప్రతిరక్షకాలను, అంటే యాంటీబాడీలను తయారుచేస్తుంది. అప్పటికి బిడ్డ ఊయలలో ఉంటుంది. దానికి ఏ హానీ జరుగదు. తల్లికి కూడా ఏ బాధా తెలియదు. ప్రమాదానికి బీజం పడిన సంగతి ఇంటిలో ఎవరికీ తెలియకుండానే గడిచిపోతుంది.

రెండవసారి పాజిటివ్ బిడ్డ గర్భంలో పడినప్పుడు, ఒకసారి నేర్చిన పాఠాన్ని రక్షణవ్యవస్థ మరువదు. అతి కొద్ది బిడ్డ కణాలు సోకినా ప్రతిరక్షకాలు విస్తారంగా పుడతాయి. ఇవి మాయను దాటగలవు. దాటి బిడ్డ ఎర్ర కణాలకు అంటుకుని వాటిని నాశనం చేస్తాయి. రక్తం క్షీణించి గుండె బలహీనపడుతుంది, శరీరమంతా నీరు చేరుతుంది, ఒక్కొక్కప్పుడు గర్భంలోనే మరణం సంభవిస్తుంది. బ్రతికి పుట్టిన బిడ్డకు మరొక గండం ఉన్నది. నశించిన కణాల నుండి పుట్టే బిలిరుబిన్ అనే పసుపుపచ్చని పదార్థాన్ని గర్భంలో ఉన్నంతకాలం తల్లి శరీరం తొలగిస్తూ ఉంటుంది. పుట్టిన తరువాత ఆ భారం బిడ్డ లేత కాలేయంపై పడుతుంది. మితిమీరిన బిలిరుబిన్ మెదడుకు చేరితే చెవుడు, అవయవాల వైకల్యం, మరణం కలుగవచ్చు.

తల్లి ఓ వర్గం, బిడ్డ ఏ లేక బి వర్గం అయినప్పుడు కూడా కామెర్లు రావచ్చు. కాని అవి సాధారణంగా తేలికపాటివి.

చికిత్సా మార్గాలు

మొదట వచ్చినవి పుట్టిన బిడ్డను కాపాడే ఉపాయాలు. 1945లో కేంబ్రిడ్జిలో రాబిన్ కూంబ్స్, ఆయన సహచరులు, కంటికి కనబడని ప్రతిరక్షకాలను బయటపెట్టే పరీక్షను రూపొందించారు. నేటికీ గర్భిణులకు చేసే కూంబ్స్ పరీక్ష అదే. 1940వ దశకంలోనే అమెరికాలో, బిడ్డ రక్తాన్ని కొంచెం కొంచెంగా తీసివేసి నెగెటివ్ రక్తాన్ని ఎక్కించే రక్తమార్పిడి పద్ధతి ఆరంభమైంది. బోస్టన్‌లో లూయీ డయమండ్ బొడ్డు రక్తనాళం ద్వారా ఈ పని సులువుగా చేయవచ్చునని చూపించారు.

1950వ దశకంలో ఇంగ్లండులోని రాచ్‌ఫర్డ్ ఆస్పత్రిలో ఒక నర్సు, ఎండ తగిలిన చోట పసిబిడ్డ చర్మంపై పసుపు ఛాయ తగ్గి, గుడ్డ కప్పిన చోట మిగిలి ఉండడం గమనించింది. ఆ పరిశీలన నుండి పుట్టినదే, కామెర్లు వచ్చిన శిశువులను నీలికాంతి క్రింద పడుకోబెట్టే నేటి చికిత్స. 1963లో న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో విలియం లైలీ గర్భంలోని శిశువుకే రక్తం ఎక్కించి వైద్యలోకాన్ని ఆశ్చర్యపరిచారు. నేడు అల్ట్రాసౌండ్ సహాయంతో శిశువు మెదడులోని రక్తనాళంలో రక్తప్రవాహ వేగాన్ని కొలిచి, సూది గుచ్చకుండానే రక్తక్షయాన్ని అంచనా వేయగలుగుతున్నారు.

సీతాకోకచిలుకల నుండి సూదిమందు వరకు

చికిత్స కంటె నివారణ మేలు. ఆ మార్గం చూపినవారిలో ఒకరు సీతాకోకచిలుకల ప్రేమికుడు. లివర్‌పూల్ వైద్యుడు సిరిల్ క్లార్క్ తీరిక వేళలలో సీతాకోకచిలుకల రెక్కల రంగులు ఏ విధంగా వారసత్వంగా వస్తాయో పరిశోధించేవారు. వాటి జన్యువులు గుంపుగా సంక్రమించే తీరులో ఆయనకు ఆర్.హెచ్. వర్గంతో పోలిక కనిపించింది. ఆయన బృందంలోని రోనాల్డ్ ఫిన్, అప్పటికే లెవీన్ గమనించిన ఒక విషయాన్ని పట్టుకున్నారు. తల్లీబిడ్డలకు ఏ, బి, ఓ వర్గాలు కూడా సరిపోనప్పుడు ఆర్.హెచ్. సమస్య అరుదుగా వస్తున్నది. తల్లిలో సహజంగా ఉన్న ప్రతిరక్షకాలు బిడ్డ కణాలను, అవి గుర్తింపబడకముందే తుడిచిపెట్టడమే అందుకు కారణమని భావించారు. అయితే ప్రసవమైన వెంటనే డి ప్రతిరక్షకాలనే తల్లికి బయటినుండి ఇస్తే? ఆమెలో చేరిన బిడ్డ కణాలు ముందే తొలగిపోతాయి, ఆమె శరీరం పాఠం నేర్చుకొనే అవసరమే రాదు.

అదే కాలంలో న్యూయార్క్‌లో విన్సెంట్ ఫ్రీడా, జాన్ గోర్మన్, విలియం పోలాక్ వేరు దారిలో ఇదే నిర్ణయానికి వచ్చారు. వారి తొలి ప్రయోగాలకు సింగ్‌సింగ్ కారాగారంలోని ఖైదీలు స్వచ్ఛందంగా ముందుకు వచ్చారు. 1968లో అమెరికాలో ఈ మందు రోగామ్ అన్న పేరుతో విడుదలయింది. 1980లో క్లార్క్, ఫిన్, ఫ్రీడా, గోర్మన్, పోలాక్‌లకు కలిపి లాస్కర్ పురస్కారం లభించింది.

ఫలితాలను అంకెలలో చూడవచ్చు. ఏ, బి, ఓ వర్గాలు సరిపోయి, బిడ్డ పాజిటివ్ అయి, మందు తీసుకొనని నెగెటివ్ తల్లులలో సుమారు నూటికి 16 మందికి ప్రతిరక్షకాలు పుట్టేవి. ప్రసవానంతరం మందు ఇస్తే అది ఒకటి రెండుకు తగ్గింది. ఏడవ నెలలో ఒకసారి, ప్రసవానంతరం ఒకసారి ఇస్తే వెయ్యికి ముగ్గురి కంటె మించడం లేదు.

యాంటీ డి అనే ఈ మందు మనుష్యుల రక్తం నుండే తయారవుతుంది. ప్రతిరక్షకాలు గల దాతలు పదేపదే ప్లాస్మా ఇస్తేనే అది లభిస్తుంది. ఆస్ట్రేలియాకు చెందిన జేమ్స్ హారిసన్ 1954 నుండి 2018 వరకు 1173 సార్లు దానం చేసి 2025లో కన్నుమూశారు. ఆయన దానం సుమారు 24 లక్షల మంది శిశువులకు రక్షణ కల్పించిందని అక్కడి రెడ్‌క్రాస్ అంచనా.

ప్రవాస కుటుంబాలు గమనింపవలసినవి

మొదటి కాన్పుకు ఆడపిల్లను పుట్టింటికి తీసుకువెళ్లడం మన ఆచారం. విదేశాలలో కాపురముంటున్న యువతి కూడా పురిటికి ఆంధ్ర, తెలంగాణ పట్టణాలకు వెళ్లి, బిడ్డతో తిరిగి రావడం కద్దు. రెండవ కాన్పు విదేశంలో జరుగుతుంది. ఆ సమయంలో అక్కడి వైద్యుడు అడిగే ముఖ్యమైన ప్రశ్న, మొదటి ప్రసవం తరువాత యాంటీ డి ఇచ్చారా అన్నది. జవాబు పుట్టింటి బీరువాలోని కాగితాలలో ఉంటే ప్రయోజనం లేదు. తల్లి రక్తవర్గం, బిడ్డ రక్తవర్గం, సూదిమందు ఇచ్చిన తేదీ, మోతాదు, కూంబ్స్ పరీక్ష ఫలితం అనే ఐదు వివరాలు నెగెటివ్ తల్లి తన వెంటనే ఉంచుకోవాలి.

రెండవది గర్భస్రావాల సంగతి. నెలలు నిండని గర్భం పోయినప్పుడు, గర్భం తొలగించినప్పుడు, గర్భనాళంలో పిండం పెరిగినప్పుడు, ఉమ్మనీటి పరీక్ష జరిగినప్పుడు, కడుపుపై బలమైన దెబ్బ తగిలినప్పుడు కూడా బిడ్డ కణాలు తల్లిలో చేరవచ్చు. తొలి వారాలలో గర్భం పోతే మందు అవసరమా అన్న విషయంలో దేశదేశాల నియమాలు ఒకటిగా లేవు. కనుక ఆ నిర్ణయం వైద్యునికి వదలాలి. కాని జరిగిన సంగతిని వైద్యుని వద్ద దాచకూడదు. అత్తవారింటికి తెలియకూడదన్న సంకోచంతో పాత గర్భస్రావాన్ని చెప్పకపోతే, దాని మూల్యాన్ని తరువాతి బిడ్డ చెల్లించవలసి రావచ్చు. అవసరమైతే వైద్యునితో ఏకాంతంగా మాట్లాడే హక్కు ప్రతి గర్భిణికీ ఉన్నది.

మూడవది గడువు. ప్రసవమైన 72 గంటలలోగా మందు పడాలి. గడువు దాటితే వదలివేయరాదు. పది రోజుల వరకు ఇచ్చినా కొంత రక్షణ లభించవచ్చు. అమెరికాలో 28వ వారంలోనూ, బ్రిటన్‌లో 28 నుండి 30 వారాల మధ్యనూ ముందుజాగ్రత్త మోతాదు ఇస్తారు. అయితే తల్లిలో డి ప్రతిరక్షకాలు ఒకసారి పుట్టిన తరువాత ఈ మందు పనిచేయదు. అటువంటి తల్లి గర్భం ధరించగానే నిపుణుల పర్యవేక్షణలో ఉండాలి.

నాల్గవది, ఒకచోట పాజిటివ్ అని, మరొకచోట నెగెటివ్ అని ఫలితం వచ్చే వ్యక్తుల విషయం. కొందరిలో డి ముద్ర బలహీనంగా ఉంటుంది. వారు రక్తదానం చేసినప్పుడు పాజిటివ్‌గా, గర్భం ధరించినప్పుడు నెగెటివ్‌గా పరిగణించడం ఎన్నో చోట్ల పరిపాటి. పరీక్ష తప్పయిందని ఏదో ఒక చీటీని పారవేయకుండా రెండింటినీ వైద్యునికి చూపాలి. జన్యుపరీక్ష ఆ సందేహాన్ని తీర్చగలదు.

జన్యుపరీక్షలు మరొక మేలు కూడా చేశాయి. తల్లి రక్తంలో బిడ్డ డి.ఎన్.ఏ. తునకలు తేలియాడుతుంటాయని 1997లో డెన్నిస్ లో, ఆయన సహచరులు కనుగొన్నారు. వాటి ఆధారంగా తల్లి రక్తపు చుక్కలతోనే గర్భస్థ శిశువు రక్తవర్గాన్ని చెప్పగలుగుతున్నారు. డెన్మార్క్‌లో 2010 నుండి, నెదర్లాండ్స్‌లో 2011 నుండి ఈ పరీక్ష నెగెటివ్ తల్లులకు క్రమంగా జరుగుతున్నది. బిడ్డ కూడా నెగెటివ్ అయితే మందు అవసరమే ఉండదు.

కొన్ని అపోహలను కూడా విడనాడాలి. భార్యాభర్తలది ఒకే రక్తవర్గమైతే సంతానానికి కీడన్న ప్రచారానికి ఆధారం లేదు. భార్య పాజిటివ్, భర్త నెగెటివ్ అయినా, ఇద్దరూ నెగెటివ్ అయినా ఈ వ్యాధి రాదు. మేనరికం వలన కలిగే జన్యుసమస్యలు వేరు, ఇది వేరు. అన్నిటికంటె ముఖ్యంగా, వధువు నెగెటివ్ అన్న కారణంతో సంబంధాన్ని త్రోసిపుచ్చడం అజ్ఞానం. అర్ధశతాబ్దానికి పైగా నివారణ ఉన్న సమస్యకు ఒక యువతిని శిక్షించడం న్యాయం కాదు.

చివరిగా దాతల మాట. ప్రమాదాలలోనూ, శస్త్రచికిత్సలలోనూ నెగెటివ్ వ్యక్తికి, ముఖ్యంగా బాలికలకు, సంతానం కలుగవలసిన స్త్రీలకు, నెగెటివ్ రక్తమే ఎక్కించడం క్షేమం. మలేషియా వంటి దేశంలో మలయా, చైనా జాతీయులలో అది అరుదు కనుక, అక్కడి తెలుగువారిలోని ప్రతి నెగెటివ్ దాతా విలువైనవారే. ఇంటిలోని ప్రతి ఒక్కరి రక్తవర్గాన్ని తెలుసుకుని, నెగెటివ్ అయినవారు స్థానిక రక్తనిధిలో పేరు నమోదు చేసుకుంటే, తాము ఎన్నడూ చూడని ఒక తల్లికి ఆసరా అవుతారు. రక్తసంబంధమన్న మాటకు అంతకు మించిన అర్థం లేదు.